విస్‌కామ్‌లో చేరేవాళ్ళకి: ముందు కెమెరా లెక్క, ఆ తర్వాతే లాప్‌టాప్

నెల్లూరు, చిత్తూరు, తిరుపతి వైపు నుంచి చెన్నై వచ్చి విస్‌కామ్‌లో, అంటే విజువల్ కమ్యూనికేషన్ కోర్సులో చేరే పిల్లలకి లాప్‌టాప్ సలహా ఇచ్చేది సాధారణంగా ఇంజనీరింగ్ చదివిన అన్నయ్యో, బావో. వాళ్ళు ప్రాసెసర్ దగ్గర మొదలుపెడతారు. మీడియా చదువుకి అది తిరగేసిన లెక్క. కాలేజీలో వాడే కెమెరా సెకనుకి ఎన్ని మెగాబిట్లు రాస్తుందో ముందు కనుక్కోండి.

చాలా కెమెరాల్లో 4కే అంటే సెకనుకి 100 మెగాబిట్లు. ఎనిమిది బిట్లు ఒక బైట్ కాబట్టి, ఎనిమిదితో భాగిస్తే 12.5 ఎంబీ (మెగాబైట్లు). నిమిషానికి 750 ఎంబీ, గంటకి 45 జీబీ. పది నిమిషాల షార్ట్ ఫిల్మ్‌కి పదింతలు తీస్తారనుకుందాం. 100 నిమిషాలు, 75 జీబీ. రెండో కెమెరా కూడా అంతే తీస్తే 150. ప్రాక్సీలు (ఎడిటింగ్ కోసం చేసుకునే తేలికపాటి నకళ్ళు), కాష్ (సాఫ్ట్‌వేర్ తాత్కాలికంగా దాచుకునే ఫైళ్ళు) వేరు. ఇక 512 జీబీ డ్రైవ్ విండోస్‌లో 476గానే కనిపిస్తుంది, అందులో సిస్టమూ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లూ వందకి పైగా తినేస్తాయి. రెండో ప్రాజెక్టుకి చోటు ఉండదు. అందుకని 1 టీబీ తీసుకోండి, లేదా ఇంకో ఎస్‌ఎస్‌డీ పెట్టుకోడానికి రెండో ఎం.2 స్లాట్ ఖాళీగా ఉన్న మోడల్ చూడండి.

ర్యామ్ 16 జీబీకి తగ్గొద్దు. మదర్‌బోర్డుకి సోల్డర్ చేసేసి ఉంటే తర్వాత పెంచుకునే దారి లేదు, కాబట్టి అది అడిగే కొనండి.

గేమింగ్ లాప్‌టాప్ అయితే ఎడిటింగ్ పరుగెడుతుందన్నది సగమే నిజం. ఇప్పటి మిర్రర్‌లెస్ కెమెరాలు చాలావరకు హెచ్.265, 10 బిట్, 4:2:2లో, అంటే రంగుల వివరం ఎక్కువగా ఉండి గట్టిగా కుదించిన ఫార్మాట్‌లో రికార్డు చేయగలవు. దాన్ని హార్డ్‌వేర్‌లోనే విప్పే సత్తా ఇంటెల్‌లో 11వ తరం నుంచి, ఆపిల్‌లో ఎం1 నుంచి ఉంది. ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డుల్లో ఆర్‌టీఎక్స్ 50 సిరీస్‌తోనే వచ్చింది. ఏఎండీ రైజెన్ ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 40 సిరీస్ కార్డు కలిసిన ఖరీదైన మెషీన్ మీద టైమ్‌లైన్ నత్తనడక నడిచేది ఇందుకే. అప్పటికే కొనేసి ఉంటే ప్రోరెస్ అనే, ఎడిటింగ్‌కి తేలికైన ఫార్మాట్‌లో 1080పీ ప్రాక్సీలు చేసుకోండి. 100 నిమిషాలకి ఇంకో 30 జీబీ దాకా పడుతుంది, ఎడిటింగ్ మాత్రం హాయిగా సాగుతుంది.

స్క్రీన్ సంగతి ఎవరూ అడగరు. స్పెసిఫికేషన్‌లో ‘45% ఎన్‌టీఎస్‌సీ’ అని ఉంటే, అంటే చూపగలిగే రంగులు తక్కువైతే, వదిలేయండి. ఆ తెరమీద మెరూన్ చీర వెలిసినట్టు కనిపిస్తుంది, మీరు సాచురేషన్ (రంగుల గాఢత) పెంచుతారు, క్లాసులో ప్రొజెక్టర్ మీద హీరోయిన్ ముఖం నారింజపండవుతుంది. మామూలు తెరల ప్రామాణిక రంగులన్నీ చూపే 100% ఎస్‌ఆర్‌జీబీ ఉన్నదే చూడండి. దీనికోసం గ్రాఫిక్స్ కార్డులో ఒక మెట్టు దిగినా నష్టం లేదు.

బయటి స్టోరేజీకి రెండు డ్రైవ్‌లు వేరుగా పెట్టుకోండి. ఎడిటింగ్‌కి ఎస్‌ఎస్‌డీ, దాచుకోవడానికి మామూలు హార్డ్ డిస్క్. పోర్టబుల్ హార్డ్ డిస్క్ సెకనుకి 100–130 ఎంబీ ఇస్తుంది గానీ, మల్టీక్యామ్‌లో (ఒకేసారి పలు కెమెరాల ఫుటేజ్ ఎడిట్ చేసేటప్పుడు) నాలుగు ఫైళ్ళ మధ్య డిస్క్ లోపల చదివే ముల్లు అటూఇటూ పరుగెత్తాల్సి వచ్చేసరికి ఆగి ఆగి ఆడుతుంది. చవక ఎస్‌ఎస్‌డీల్లో క్యూఎల్‌సీ అనే చవక చిప్ రకం మొదట్లో దూసుకుపోయి, లోపలి వేగవంతమైన తాత్కాలిక చోటు (కాష్) నిండగానే చతికిలబడుతుంది. టీఎల్‌సీ అని రాసి ఉన్నది మేలు.

అంతా సరిగ్గా కొని, కేబుల్ దగ్గర బోల్తా పడేవాళ్ళే ఎక్కువ. ఫోన్ ఛార్జర్‌తో వచ్చే టైప్-సి వైర్లు చాలావరకు యూఎస్‌బీ 2.0వే. దాంతో 75 జీబీ కాపీకి దాదాపు 36 నిమిషాలు. డ్రైవ్‌తో వచ్చిన వైరునే 5 జీబీపీఎస్ పోర్టులో పెడితే మూడు నిమిషాల పని.

కాలేజీ ల్యాబ్‌లో మ్యాక్‌లుంటే డ్రైవ్‌ని విండోస్, మ్యాక్ రెండూ చదివి రాయగల ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేయండి. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్‌ని మ్యాక్ చదువుతుందే గానీ, అదనపు సాఫ్ట్‌వేర్ లేకుండా రాయలేదు. ఎక్స్‌ఫ్యాట్‌లో జర్నలింగ్ (మధ్యలో ఆగిన పనిని సరిచేసుకునే చిట్టా) లేదు, కాపీ మధ్యలో వైరు పీకితే ఫోల్డర్లే పాడవచ్చు. ఎజెక్ట్ నొక్కాకే తీయండి. కెమెరా మెమరీ కార్డును కూడా రెండుచోట్లకి కాపీ అయ్యాకే చెరపండి.

చెన్నైలో ఎలక్ట్రానిక్స్ మార్కెట్ అయిన రిచీ స్ట్రీట్‌లో కొనేట్టయితే బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోండి. డ్రైవ్‌కి క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్‌లో పవర్ ఆన్ అవర్స్ (ఎన్ని గంటలు నడిచిందో) చూడండి, కొత్తదానికి వందల గంటలు ఉండకూడదు. మెమరీ కార్డు మీద హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే పరీక్ష సాఫ్ట్‌వేర్ నడపండి. 128 జీబీ అని అచ్చేసిన నకిలీ కార్డు నిజానికి ఎంతదో అందులో తేలిపోతుంది. నిండా రాసి చదవాలి కాబట్టి గంట పైనే పట్టొచ్చు, అది షాపులో కుదరదు. రూముకి వెళ్ళిన రాత్రే పెట్టేయండి, షూటింగు రోజుదాకా ఆగొద్దు.