మెయిల్ మార్చేముందు సీట్ల లెక్క తీయండి

ప్రభుత్వ ఆఫీసు మెయిల్‌ను పాత సర్వర్ నుంచి కొత్తదానికి మారుస్తున్నాం అనగానే అందరూ అడిగేది ‘ఎన్ని జీబీ ఉంది’ అని. అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది వేరే ఉంది. ఏ మెయిల్ ఐడీ ఏ సీటుది (సీటు అంటే ఆఫీసులో ఒక్కో పనికి కేటాయించిన కుర్చీ), ఆ సీటు ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఎక్కడ ఏ పని చూసింది అన్నది. మన గోదావరి జిల్లాల్లో ఈ లెక్క మరీ చిక్కు. 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయినప్పుడు తూర్పు గోదావరి పేరు రాజమండ్రికి వెళ్లింది. కాకినాడ, కోనసీమ విడిగా జిల్లాలయ్యాయి. పశ్చిమ గోదావరి కేంద్రం భీమవరం అయింది, ఏలూరు సొంత పేరుతో జిల్లా అయింది. కాబట్టి జిల్లా పేరు మీద నడిచిన ఐడీలో ఆ తేదీకి ముందు ఉత్తరాలు ఒక ఊరి ఆఫీసువి, తర్వాతవి ఇంకో ఊరివి కావచ్చు. పెట్టెను ఉన్నదున్నట్టు ఎత్తి కొత్త సర్వర్లో పెడితే ఆ గీత ఎక్కడా కనపడదు. 2022 జులై వరదప్పటి మెయిల్ కావాలని రేపు ఎవరైనా ఆర్టీఐ (సమాచార హక్కు) దరఖాస్తు పెడితే మూడు కలెక్టరేట్లు ఒకరి వైపు ఒకరు వేలు చూపించుకోవాల్సిందే.

అందుకని ముందు ఒక ఎక్సెల్ షీటు తెరవండి. ఐడీ, హోదా, సెక్షను, పాత జిల్లా, కొత్త జిల్లా, ప్రస్తుతం పాస్‌వర్డ్ ఎవరి దగ్గర ఉంది, ఓటీపీ ఎవరి ఫోనుకు వెళ్తోంది. చివరి గడి నింపడానికే ఎక్కువ రోజులు పడుతుంది. చాలా ఆఫీసుల్లో ఓటీపీ వెళ్లేది ఎప్పుడో మానేసిన అవుట్‌సోర్సింగ్ ఆపరేటర్ సెల్లుకే. ఆ నంబరు మార్చకుండా మైగ్రేషన్ (సర్వర్ మార్పు) తేదీ ఖరారు చేయొద్దు.

సర్వర్లో కనపడేదే మొత్తం మెయిల్ అనుకోవద్దు. డివిజన్, సబ్ డివిజన్ ఆఫీసుల్లో మెయిల్ చూసే ఔట్‌లుక్ సాఫ్ట్‌వేరును పాప్ పద్ధతిలో పెట్టి ఉంటారు. అలా పెడితే మెయిల్ కంప్యూటర్లోకి దిగుతుంది, ‘సర్వర్లో కాపీ ఉంచు’ అన్న టిక్కు లేకపోతే అక్కడ చెరిగిపోతుంది. పంపిన మెయిల్ ఎలాగూ ఆ ఒక్క కంప్యూటర్లోనే ఉంటుంది. ఔట్‌లుక్ తన మెయిళ్లన్నీ దాచుకునే పీఎస్‌టీ ఫైలు, సీ డ్రైవులో ఉన్నదే, దానికి ఏకైక ఆధారం. విండోస్ పాడైందని సర్వీసు కుర్రాడు వచ్చి ఫార్మాట్ కొడితే పదేళ్ల ఉత్తర ప్రత్యుత్తరాలు ఆ పూటకే పోతాయి. ప్రతి కంప్యూటర్లోనూ పీఎస్‌టీ ఎక్స్‌టెన్షన్‌తో వెతికించండి. ఔట్‌లుక్ 2002, అంతకుముందు వెర్షన్ల ఫైలు 2 జీబీ దాటకూడదు. 2003, 2007లకు మామూలు పరిమితి 20 జీబీ, 2010 నుంచి 50. పరిమితి అంచున ఉన్న పాత ఫైలును తిన్నగా తెరవొద్దు. ముందు కాపీ తీసుకుని, ఆ కాపీ మీదే స్కాన్‌పీఎస్‌టీ అనే మరమ్మతు పనిముట్టు నడపండి.

మెయిల్ దాగి ఉండే రెండో చోటు జీమెయిల్. సీటు పేరు మీద జీమెయిల్ ఖాతా తీసి ఏళ్ల తరబడి వాడిన ఆఫీసులు కొల్లలు. గూగుల్ టేక్ఔట్ అనే సేవతో మెయిళ్లన్నీ ఒకే ఎంబాక్స్ ఫైలుగా దించుకోవచ్చు, అయితే డౌన్‌లోడ్ లింకు వారం వరకే పనిచేస్తుంది. రెండేళ్లు ఎవరూ లాగిన్ కాని వ్యక్తిగత ఖాతాను గూగుల్ తొలగించవచ్చు కాబట్టి వీటి పని ముందు పెట్టుకోవడం మేలు. దాన్నే ఐమ్యాప్ (మెయిల్‌ను సర్వర్లోనే ఉంచి చూసే పద్ధతి) ద్వారా కాపీ చేస్తే ఇంకో తిప్పలుంది. జీమెయిల్లో ఫోల్డర్లు ఉండవు, లేబుళ్లుంటాయి. ఇన్‌బాక్స్‌లో ఉన్న మెయిలే ‘ఆల్ మెయిల్’లోనూ కనిపిస్తుంది. రెండూ కాపీ చేస్తే పెట్టె రెట్టింపవుతుంది.

ఇక ముహూర్తం. మార్చిలో బిల్లుల ఒత్తిడి. జులై నుంచి సెప్టెంబరు దాకా వరద కాలం. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఆ రోజుల్లో మెయిల్ ఒక పూట ఆగినా గొడవే. ఏప్రిల్ నెలాఖరు నుంచి మే అంతా, కాలువలు కట్టేసి ఉన్న రోజులే ఇలాంటి పనికి అనువు.

కాపీకి ఎంత సేపు పడుతుందో ముందే లెక్కేయండి. 200 జీబీ డేటా 20 ఎంబీపీఎస్ లైను మీద ఒక్క క్షణం ఆగకుండా వెళ్తే 22 గంటలు. ఆచరణలో రెట్టింపు అనుకోండి. ఒక సర్వర్ నుంచి ఇంకో సర్వర్‌కు మెయిల్ కాపీ చేసే ఐమ్యాప్‌సింక్ లాంటి పనిముట్టు ఇక్కడ చాలు. మొదట డ్రై రన్ (ఏమీ కాపీ చేయకుండా ఉత్త పరీక్ష), తర్వాత ఫోల్డర్లు మాత్రం, ఆ తర్వాత మెయిల్. మళ్లీ నడిపితే అప్పటికే వెళ్లినవి వదిలేసి కొత్తవే తెస్తుంది కాబట్టి వారం ముందే మొదలుపెట్టి రోజూ రాత్రి నడపొచ్చు. తెలుగు పేరున్న ఫోల్డర్లను విడిగా చూడండి. ఐమ్యాప్ వాటిని ‘&’ గుర్తుతో మొదలయ్యే వేరే కోడులో దాస్తుంది. ఆ కోడును సరిగ్గా చదవని పనిముట్టు వాడితే ‘వరదలు’ అన్న ఫోల్డరు అర్థంకాని అక్షరాలుగా తేలుతుంది. అయ్యాక ఫోల్డరు వారీగా పాత సంఖ్య, కొత్త సంఖ్య పక్కపక్కన పెట్టి చూడండి. అన్ని మెయిళ్లకూ కాపీ చేసిన రోజు తేదీ పడిందంటే పని చెడినట్టే, ఆ పెట్టె మళ్లీ చేయాలి.

సొంత డొమైన్ ఉన్న సంస్థయితే మార్పుకు రెండు రోజుల ముందే ఎంఎక్స్ రికార్డు (మెయిల్ ఏ సర్వర్‌కు రావాలో చెప్పేది) టీటీఎల్‌ను, అంటే ఇతరులు దాన్ని గుర్తుంచుకునే వ్యవధిని, 300 సెకన్లకు దించండి. మన పేరుతో ఏ సర్వర్లు మెయిల్ పంపొచ్చో చెప్పే ఎస్‌పీఎఫ్ రికార్డు డొమైనుకు ఒక్కటే ఉండాలి. కొత్తదాన్ని విడిగా చేరిస్తే రెండూ చెల్లవు. పాత సర్వర్, కొత్త సర్వర్ ఒకే రికార్డులో రావాలి, దాన్ని చదవడానికి చేయాల్సిన డీఎన్ఎస్ (డొమైన్ పేర్ల చిరునామా పుస్తకం) వెతుకులాటలు 10 దాటకూడదు. ప్రభుత్వ డొమైన్ కింద ఉన్న జిల్లా ఆఫీసులకు ఈ తలనొప్పి లేదు, అది పైనుంచే జరుగుతుంది.

అందరూ మర్చిపోయేది మిషన్లను. స్కాన్ చేసి నేరుగా మెయిల్ కొట్టే జిరాక్స్ మిషను, అలర్టులు పంపే సాఫ్ట్‌వేరు పాత పాస్‌వర్డ్‌తోనే ఉంటాయి. పాత మిషన్లకు టీఎల్ఎస్ 1.2 అనే భద్రతా పద్ధతి రాకపోవచ్చు. అప్పుడు మధ్యలో వాటి మెయిల్ అందుకుని ముందుకు పంపే రిలే సర్వర్ ఒకటి పెట్టడమో, స్కాన్లను ఫోల్డరుకు మళ్లించడమో చేయాలి.

ఇక ఆర్కైవు. సమాచార హక్కు చట్టం 2(ఎఫ్) సెక్షనులో సమాచారం అంటే ఏమిటో చెబుతూ ఈ-మెయిళ్లను పేరు పెట్టి మరీ చేర్చారు. ఐటీ చట్టం 2000, సెక్షన్ 7 ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డు పుట్టిన రూపంలోనే గానీ, దాన్ని తప్పులేకుండా చూపే రూపంలో గానీ ఉండాలి. ఎక్కడి నుంచి ఎక్కడికి, ఏ తేదీన, ఏ వేళకు వెళ్లిందో తెలియాలి. మెయిల్‌ను పీడీఎఫ్‌గా ప్రింటు కొట్టి దాచే అలవాటు ఇక్కడే దెబ్బతింటుంది. ప్రయాణ వివరాలుండే హెడర్లు పోతాయి, డిజిటల్ సంతకం పోతుంది. ఒక్కో మెయిల్‌ను ఒక్కో ఈఎంఎల్ ఫైలుగా ఉంచండి. పీఎస్‌టీని రీడ్‌పీఎస్‌టీ అనే పనిముట్టుతో అలా విడగొట్టొచ్చు.

ఫోల్డర్లకు కొత్త వర్గీకరణ కనిపెట్టక్కర్లేదు, మన గుమస్తాలకు తెలిసిందే ఉంది, ముగిసిన ఫైలును ఎన్నాళ్లు దాచాలో చెప్పే డిస్పోజల్ వర్గాలు. ఆర్.డిస్ శాశ్వతం, డి.డిస్ పదేళ్లు, కె.డిస్ మూడేళ్లు, ఎల్.డిస్ ఒక ఏడాది. సీటు, సంవత్సరం, ఆ కింద డిస్పోజల్. జిల్లాలు విడిపోయిన ఐడీలకు 2022ను ఏప్రిల్ 3 వరకు, 4 నుంచి అని రెండుగా చీల్చండి. ఏ వర్గమో తేలని మెయిల్‌ను డి.డిస్‌లో వేయడం నా సలహా, ఎల్.డిస్‌లో మాత్రం వద్దు.

పాత అటాచ్‌మెంట్లలో యూనికోడ్ కాని పాత అను ఫాంట్లతో టైపు చేసిన వర్డ్ ఫైళ్లు దండిగా ఉంటాయి. ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే తెలుగు బదులు ఇంగ్లీషు అక్షరాల గందరగోళం, ఎంత వెతికినా ఒక్క మాట దొరకదు. అసలు ఫైలును కదపకుండా, పక్కనే యూనికోడ్‌లోకి మార్చిన కాపీ ఒకటి పెట్టండి. ఆ ఫాంటు ఫైళ్లు కూడా ఆర్కైవులోనే ఉండాలి.

ప్రతి ఫైలుకూ ఎస్‌హెచ్ఏ-256 హాష్ (ఫైలు మారితే మారిపోయే వేలిముద్ర లాంటి సంఖ్య) తీసి జాబితాగా ఉంచండి. 2024 జులై 1 నుంచి అమలైన భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 సర్టిఫికెట్ నమూనాలో హాష్ విలువ అడుగుతారు. కాపీలు మూడు, వాటిలో ఒకటి డెల్టా బయట. 1996 నవంబరు తుఫాను కోనసీమను ఏం చేసిందో తెలిసినవాళ్లు అమలాపురం ఆఫీసు కాపీని కాకినాడలో పెట్టి ఊరుకోరు. విజయవాడో, హైదరాబాదో పంపండి. కింది అంతస్తు బీరువాలో హార్డ్ డిస్కు పెట్టొద్దు. ఏడాదికోసారి హార్డ్ డిస్కును కంప్యూటర్‌కు తగిలించి హాష్‌లు సరిచూడండి.

పాత సర్వర్ ఆపేముందు ఒక పరీక్ష పెట్టండి. మైగ్రేషన్‌లో పాలుపంచుకోని సీనియర్ అసిస్టెంట్‌కు ఒక తేదీ, ఒక సబ్జెక్టు ఇచ్చి ఆర్కైవులో ఆ మెయిల్ తీయమనండి. ఆర్టీఐకి 30 రోజుల గడువుంది నిజమే, కానీ పావుగంటలో దొరక్కపోతే ఇండెక్స్ మళ్లీ కట్టించాలి, పాత సర్వర్ అద్దె ఇంకో నెల పొడిగించాలి.