పర్లాకిమిడి చెక్‌డ్యాములు మా ఊళ్లో తేలిన కథ

మాది నిజామాబాద్‌కూ ఆర్మూర్‌కూ నడుమ పసుపు పండే ఊరు. జియాలజీ చదివి రెండేళ్లు ఖాళీగా తిరిగాక, 2019లో ఒడిశా నుంచి ఒక పిలుపు వచ్చింది. వంశధార పక్కన నేల, నీళ్ల పనులు చేసే చిన్న ప్రాజెక్టు, ఆఫీసు గుణుపురంలో. జీతం అడిగే ధైర్యం కూడా లేదు అప్పుడు, వెళ్లిపోయాను. గది మాత్రం పర్లాకిమిడిలో తీసుకున్నాను, అక్కడ తెలుగువాళ్లు ఎక్కువని ఎవరో చెబితే.

తెలుగువాళ్లు ఎక్కువే, కానీ ఆ తెలుగు నాకు అందడానికి నెల పట్టింది. ఇంటి ఓనరు మామ్మగారు మొదటి రోజే "ఏటి బాబూ, ఏటి తిన్నావు?" అంటే ఏదో బిల్లు అడుగుతున్నారేమో అనుకున్నాను. నేను "మంచిగున్న" అంటే ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయేవారు. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు అది, సవర భాష నేర్చుకుని నిఘంటువు కూర్చిందీ అక్కడే. వాడుక భాష కోసం జీవితాంతం కొట్లాడిన మనిషి ఊళ్లో నా వాడుక భాష ఎవరికీ ఎక్కలేదు, ఏం చేస్తాం. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడే దాకా ఇది మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేదని, గీత తమ ఇళ్ల పక్కనుంచి గీశారని మామ్మగారు రోజూ ఏదో ఒక సందర్భంలో గుర్తు చేసేవారు. గీతల గురించి నాకు అప్పటికి పెద్దగా తెలీదు.

ఆఫీసులో లాప్‌టాప్ ఇచ్చి "మ్యాపులు మీరే చేయాలి" అన్నారు. కాలేజీలో మ్యాప్ అంటే ట్రేసింగ్ పేపరు, పెన్సిలు. సాఫ్ట్‌వేర్ కొనడానికి డబ్బులు లేవు కాబట్టి క్యూజీఐఎస్ దించుకున్నాను, అది ఉచితం, 2002లో గ్యారీ షెర్మన్ అనే ఆయన మొదలుపెడితే ఇప్పుడు ప్రపంచమంతా కలిసి నడుపుతోంది. రాత్రి పన్నెండు దాకా వీడియోలు చూసి, పొద్దున్నే పలాస నుంచి గుణుపురం వెళ్లే రైలెక్కి కునుకు తీసేవాణ్ణి. మొదటి నెలంతా బటన్లు నేర్చుకున్నాను, భూమి నేర్చుకోలేదు, ఆ తేడా తర్వాత తెలిసింది.

మా ఫీల్డ్ అసిస్టెంట్ అన్న ఒడియా, తెలుగు, సవర మూడూ మాట్లాడతాడు. చెక్‌డ్యాములు కట్టిన చోట్లకి జీపీఎస్ పట్టుకుని వెళ్లి, ఫారంలో రెండు అంకెలు రాసుకొచ్చేవాడు, తూర్పు ఇన్ని మీటర్లు, ఉత్తరం ఇన్ని మీటర్లు. నేను వాటిని ఎక్సెల్లో కొట్టి మ్యాపు మీద వేసేవాణ్ణి. గుణుపురం వైపు పాయింట్లు చక్కగా పడ్డాయి. తర్వాత పర్లాకిమిడి వైపు 30 చెక్‌డ్యాముల ఫారాలు వచ్చాయి, అవీ కలిపేశాను. మర్నాడు మీటింగు. ప్రొజెక్టరు మీద మ్యాపు తెరిస్తే ఆ 30 కనపడలేదు. ఫైలు పాడైందేమో అనుకుని, చెమటలు పడుతుంటే, లేయర్ మొత్తం చూపించమని నొక్కాను. మ్యాపు వెనక్కి వెనక్కి పోయి, ఒడిశా దాటి, ఛత్తీస్‌గఢ్ దాటి, తెలంగాణ కూడా తెర మీదికి వచ్చింది. నా 30 చెక్‌డ్యాములు నిజామాబాద్ పక్కన గుంపుగా కూర్చుని ఉన్నాయి! మా ఊరి చుట్టూ. సార్ నా వైపు చూసి "ఇంటి మీద బెంగ పెట్టుకున్నావా?" అన్నారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను, కానీ చెవులు ఎర్రబడ్డాయి.

ఆ రాత్రి నిద్రపోకుండా కూర్చుంటే దొరికింది సంగతి. యూటీఎం అనే పద్ధతిలో భూమిని 6 డిగ్రీల వెడల్పున 60 పట్టీలుగా కోస్తారు, వాటినే జోన్లు అంటారు. ప్రతి జోనులోనూ మధ్య గీతకి 5 లక్షల మీటర్లు అని పేరు పెట్టి, అక్కడినుంచి తూర్పుకీ పడమరకీ కొలుస్తారు. అంటే ఒకే అంకె 60 జోన్లలోనూ ఉంటుంది, ఏ జోనో చెప్పకపోతే ఆ అంకెకి అర్థం లేదు. 44వ జోను 78 నుంచి 84 డిగ్రీల తూర్పు రేఖాంశం దాకా, 45వది 84 నుంచి 90 దాకా. ఆ 84 సరిగ్గా గుణుపురానికీ పర్లాకిమిడికీ మధ్యలో పోతుంది. గుణుపురంలో తూర్పు అంకె దాదాపు 8 లక్షలు, పర్లాకిమిడిలో 2 లక్షల లోపు. జీపీఎస్ తనంతట తానే జోను మార్చుకుని మూలన చిన్నగా 45 అని చూపిస్తుంది, మా ఫారంలో మాత్రం ఆ కాలమే లేదు. నేను అన్నిటినీ 44 అని చెప్పేశాను, అవి 6 డిగ్రీలు, అంటే దాదాపు 630 కిలోమీటర్లు పడమరకి జరిగిపోయాయి. పర్లాకిమిడి 84.1, అందులోంచి 6 తీసేస్తే 78.1, అది నిజామాబాద్. టోపోషీట్లు, అంటే పాత సర్వే మ్యాపులు కూడా అక్కడే తెగుతాయని తర్వాత గమనించాను, ఇటు 65వ నంబరు, అటు 74వ నంబరు. రోజూ రైల్లో నిద్రపోతూ ఆ గీతని రెండుసార్లు దాటుతున్నాను నేను!

బాపుకి ఫోన్ చేసి చెబితే, "మనూళ్ల చెక్‌డ్యామ్ కట్టుమంటే ఏండ్ల సంది ఎవ్వలు కట్టలే, నువ్వు ఉత్తగనే ముప్పై కట్టినవా" అన్నాడు. ఫోన్ పెట్టేశాక ఆ తప్పు మ్యాపుని వెంటనే చెరపలేదు. కింద ఉపగ్రహ చిత్రం పెట్టుకుని మా చెరువు, బడి, పసుపు చేలు చాలాసేపు చూస్తూ కూర్చున్నాను.

తప్పులు అక్కడితో ఆగాయా అంటే లేదు. సెంటినెల్-2 అనే ఉపగ్రహం తీసిన చిత్రాలతో అడవి ఎంత ఉందో లెక్క కట్టాను. పచ్చటి ఆకు ఎర్రటి కాంతిని మింగేసి, కంటికి కనపడని పరారుణ కాంతిని బాగా వెనక్కి కొడుతుంది, ఆ రెండింటి తేడాని మొత్తంతో భాగిస్తే పచ్చదనం సూచిక వస్తుంది. 10 మీటర్లకి ఒక గడి, బ్రహ్మాండంగా ఉంది మ్యాపు. అన్న దాన్ని ఒక నిమిషం చూసి, "సార్, ఇది అడవి కాదు, జీడితోట. ఇదీ జీడితోటే. ఇది మా మావయ్యది" అన్నాడు. పైనుంచి చూస్తే జీడిమామిడి కూడా పచ్చగానే ఉంటుంది కదా. వారం రోజులు ఇద్దరం బండి మీద తిరిగి, ఏది తోట, ఏది పోడు, ఏది నిజంగా అడవి అని ఒక్కో చోటా రాసుకున్నాం. నేను వాగు అన్న ప్రతిదాన్నీ ఆయన గెడ్డ అని దిద్దించాడు, మ్యాపు మీద ఇప్పుడు గెడ్డ అనే ఉంటుంది.

తిత్లీ తుఫాను 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటింది, గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడి మనుషులు పోయారు. ఆ రోజుల చిత్రాలు వెతికితే మామూలు ఉపగ్రహానికి మబ్బులే కనపడతాయి. మబ్బు చాటు నుంచి చూడాలంటే రాడార్ చిత్రాలే గతి. ఆ రాడార్ చదవడం నాకింకా సరిగ్గా రాదు, నేర్చుకుంటున్నాను.

ఇకనుంచి మీటర్లు వద్దు, అక్షాంశ రేఖాంశాలే రాద్దాం, విస్తీర్ణం లెక్కకి మాత్రం అన్నిటినీ ఒకే జోనులోకి మార్చుకుందాం, అంచు కాస్త దాటినా కిలోమీటరుకి మీటరు లోపే తేడా అని సార్‌కి చెప్పాను. పాత ఫారాలు రెండు కట్టలు మిగిలాయి, అవి అయ్యాక చూద్దాం అన్నారు. సరే, స్కేలు పెట్టి ప్రతి ఫారంలోనూ జోన్ అని ఒక కాలమ్ గీశాను. అన్న శ్రద్ధగా నింపుకొచ్చాడు, అన్నిట్లోనూ 45. మొన్న ఒకసారి నేను 45 అనే చెప్పానట. గుణుపురం వైపు పొలాల్లో తవ్విన నీటికుంటలన్నీ ఈసారి తూర్పుకి 6 డిగ్రీలు జరిగి బంగాళాఖాతం నడిమధ్యలో తేలాయి. పిలిచి చూపిస్తే కాసేపు తెరకేసి చూసి, "పోన్లెండి సార్, నీళ్లలోనే కదా ఉన్నాయి" అన్నాడు.