హంపి గ్రానైట్ నుంచి ఎల్లోరా బసాల్ట్ దాకా

హంపికి జనం గుళ్ల కోసం వెళ్తారు. నేను బండల కోసం వెళ్లాను. అక్కడి నుంచి ఉత్తరంగా ఎల్లోరా వరకు సాగితే రెండు రకాల అగ్నిశిలలను ఒకే దారిలో చూడవచ్చు. ఒకటి భూగర్భంలోనే గడ్డకట్టిన గ్రానైట్, రెండోది నేల మీదికి పొంగి చల్లారిన బసాల్ట్.

మాతంగ పర్వతం ఎక్కి చూస్తే, ఆ గుట్టలన్నీ ఎవరో రాళ్లు తెచ్చి పేర్చినట్టు కనిపిస్తాయి. నిజానికి ఎవరూ పేర్చలేదు. దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి ఆ గ్రానైట్‌లో నిలువుగా, అడ్డంగా పగుళ్లున్నాయి. వాటిలోకి దిగిన నీరు అంచులను తినేయగా, మూలలు పోయి గుండ్రటి బండలు మిగిలాయి. ఒక బండ దగ్గర కూర్చుని చాలాసేపు చూశాను. గులాబీ రంగు ఫెల్డ్‌స్పార్ పలకలు, వాటి మధ్య గాజుముక్కల్లాంటి క్వార్ట్జ్, అక్కడక్కడా తళుక్కుమనే నల్ల అభ్రకం. కిలోమీటర్ల లోతున శిలాద్రవం చాలా నెమ్మదిగా చల్లారింది కాబట్టి స్ఫటికాలకు ఇంతగా పెరిగే తీరిక దొరికింది.

కొన్ని బండల అంచున వరుసగా చిన్న గుంతలుంటాయి. వాటిలో కర్ర మేకులు దిగగొట్టి, నీళ్లు పోసి ఉబ్బించి రాయిని చీల్చేవారని గైడ్లు చెబుతారు. నాకైతే ఇనుప మేకు, సుత్తి చాలుననిపించింది. హజారరామ ఆలయంలో ఇంకో విశేషం ఉంది. ఆ ఊరంతా గ్రానైట్ మయమైనా, లోపలి మండపంలో సన్నని పనితనం చూపిన స్తంభాలు నున్నని నల్లరాతివి. పెద్ద పలుకులున్న రాతిలో అంత సున్నితంగా చెక్కడం ఎంత కష్టమో ఆ శిల్పులకు తెలియక కాదు.

ఉత్తరానికి వెళ్లేకొద్దీ ముందుగా నేల రంగు మారింది. ఎర్రటి ఇసుకనేలలు పోయి నల్లరేగడి వచ్చింది. రోడ్డు పక్క కంకర కుప్పలూ నల్లబడ్డాయి. బాదామి వైపు ఇసుకరాళ్లు తగులుతాయి కానీ అవి అగ్నిశిలలు కావు, వదిలేస్తున్నాను. విజయపురలో, 1656 నాటి గోల్ గుంబజ్ ముదురు బూడిదరంగు బసాల్ట్ గోడల ముందు నిలబడితే రాతి రాజ్యం మారిందని రూఢి అయింది. ఆ రేగడి కూడా చాలావరకు ఈ రాయి చివికి ఏర్పడిందే.

ఎల్లోరాలో 16వ గుహ, కైలాసాలయం. 8వ శతాబ్దంలో రాష్ట్రకూటుల కాలంలో కొండను పైనుంచి కిందికి తొలుచుకుంటూ దిగారు. వెనకవైపు గోడ సుమారు 30 మీటర్ల ఎత్తు. ఈ కొండ సుమారు 6.6 కోట్ల ఏళ్ల క్రితం లావా పొర మీద పొరగా పారి గట్టిపడినది. పైకి వచ్చిన లావా త్వరగా చల్లారుతుంది, స్ఫటికాలు పెరగవు. అందుకే గోడకు ముఖం ఆనించి చూసినా అంతా ఒకే నలుపు. పలుకులు కనబడవు గానీ బుడగలు కనబడతాయి. చల్లారేటప్పుడు వాయువులు వదిలిన గుల్లలవి. కొన్నింటిలో తర్వాత ఊరిన నీరు తెల్లని జియోలైట్ ఖనిజాన్ని నింపింది. గుల్లలు ఎక్కువున్న పట్టీలు త్వరగా రాలిపోతాయి. ఆ వరుసలో పడిన బొమ్మకు ముక్కు దక్కడం కష్టమే.

బసాల్ట్ మెత్తనిది కాబట్టే ఇంత తొలిచారని అక్కడ ఒకరు తోటివారికి చెబుతుండగా విన్నాను. తాజా బసాల్ట్ మెత్తన కానే కాదు. ఇనుము, మెగ్నీషియం ఎక్కువ ఉండడంతో గ్రానైట్ కన్నా బరువు కూడా. గ్రానైట్‌లో సిలికా 70 శాతం దాకా ఉంటే, ఇందులో 50 శాతం దగ్గరే ఉంటుంది. ఇక్కడి శిల్పులకు కలిసొచ్చింది సన్నని పలుకు, మందంగా అడ్డంగా పరుచుకున్న లావా పొరలు. అయినా చెక్కిన ఓపికను రాతి ఖాతాలో వేయడం అన్యాయం.

వెళ్లేవారు ఒక భూతద్దం పెట్టుకోండి. హంపిలో దాని అవసరం పెద్దగా రాదు. ఎల్లోరాలో అది కూడా చాలదు.