మగది దొరికాకే పేరు తేలింది

మూడు వారాలుగా ఒక్క జాతి పేరు కోసం టెన్షన్. చెరకులో పీక పురుగు గుడ్లు నల్లబడితే తెచ్చి గాజు గొట్టంలో పెట్టాను, వేరే పురుగుల గుడ్లలోనే గుడ్లు పెట్టి పెరిగే, అర మిల్లీమీటరు కూడా లేని ట్రైకోగ్రామా కందిరీగలు నాలుగు బయటికొచ్చాయి, ఎర్రటి కళ్లు, అంచు చుట్టూ సన్నటి నూగున్న రెక్కలు. నాలుగూ ఆడవే! ఆడవాటిని చూసి జాతి చెప్పడం దాదాపు అసాధ్యం. మగదాని జననాంగం స్లైడు మీద చూడాల్సిందే, ఆ సంగతి కీటక శాస్త్రవేత్తలు నాగర్కట్టి, నాగరాజా 1971లోనే స్పష్టంగా రాశారు. మన దేశపు పాత చెరకు రిపోర్టుల్లో ఆస్ట్రాలికమ్ అని కనిపించే ట్రైకోగ్రామా జాతి నిజానికి కిలోనిస్ అనే జాతి అని తేలడానికి ఏళ్లు పట్టింది, మధ్యలో 1976లో దానికే కన్‌ఫ్యూజమ్ అని ఇంకో పేరు కూడా పెట్టారు.

ఇక్కడే ఈ కందిరీగంటే నాకు ప్రాణం. జతకట్టని ఆడది పెట్టిన గుడ్ల నుంచి వచ్చేవన్నీ సాధారణంగా మగవే. అందుకే నాలుగింటికీ విడివిడిగా కార్సిరా (బియ్యపు చిమ్మట) గుడ్లు ఇచ్చి రోజూ లెన్సుతో చూస్తూ కూర్చున్నాను. తొమ్మిదో రోజు పొద్దున, మీసాల మీద పొడవాటి వెంట్రుకలతో మొదటి మగది గాజు గోడ ఎక్కుతోంది. చెయ్యి వణికింది.

నిన్న స్లైడు చూశాం. కిలోనిస్! లేబుల్ మీద ప్రశ్నార్థకం కొట్టేసి పేరు నేనే రాశాను.