కరెంటు లేని రాత్రికి ఒక రేడియో: ఎంపికలో నా అనుభవం

ఆ తుపాను రాత్రి మొదటి కొన్ని గంటలు ఫోను పనిచేసింది కాబట్టి రేడియో అవసరమే మాకు గుర్తుకు రాలేదు. తెల్లవారకముందే సిగ్నల్ పోయింది. కరెంటు పోయాక టవర్లు తమ బ్యాటరీల మీద కొంతసేపే నడుస్తాయని నాకు అప్పటికి తెలియదు. ఇంతలో గాలి ఒక్కసారిగా ఆగిపోవడంతో తుపాను వెళ్లిపోయిందనుకుని నేను పెరట్లోకి వెళ్లాను. నిజానికి అప్పుడు మా మీదుగా సాగుతున్నది తుపాను కన్ను, అంటే దాని నడిమధ్య గాలి నెమ్మదించే ప్రాంతం. అది దాటగానే గాలి ఎదుటి దిక్కు నుంచి మళ్లీ అంతే ఉధృతంగా వీచింది. వార్త వినే సాధనం ఒక్కటి ఇంట్లో ఉండి ఉంటే నేను గడప దాటేవాడిని కాదు.

ఆ తరువాత కొన్న మొదటి రేడియోను దాని హంగులను చూసి ఎంచుకున్నాను. చేతితో తిప్పే పిడి, పైన సోలార్ పలక, టార్చి, సైరన్, ఫోను ఛార్జ్ చేసే సదుపాయం అన్నీ అందులో ఉన్నాయి. ఏడాదికి పైగా అలమరలో ఉంచి, కరెంటు పోయిన ఒక రోజున తీస్తే అది పలకలేదు. లోపలి లిథియం బ్యాటరీ వాడకుండానే మెల్లగా ఖాళీ అయి, అలాగే ఉండిపోయి పాడైంది. విడి సెల్లు వేసుకునే చోటు లేదు. పిడి తిప్పుతున్నంతసేపు మాత్రం మాట వినిపించేది, చేయి ఆపగానే ఆగిపోయేది.

అందువల్ల రెండోసారి వెతికేటప్పుడు, ఇది ఎన్ని పనులు చేస్తుందన్న ప్రశ్నను పక్కనపెట్టి, దీనికి శక్తి ఎన్ని దారుల్లో అందుతుందన్న ప్రశ్నతో మొదలుపెట్టాను. ఎక్కడైనా దొరికే 1.5 వోల్టుల పెన్సిల్ సెల్లతో నడవాలన్నది నా మొదటి షరతు. మంచి ఆల్కలైన్ సెల్లు వాడకుండా దాచినా కొన్నేళ్లపాటు శక్తిని నిలుపుకుంటాయి. అయితే రేడియోలోనే వదిలేస్తే కారి, లోపలి లోహపు పలకలను తినేస్తాయి కాబట్టి వాటిని విడిగా దాచాలి. పిడిని నేను చివరి ఆధారంగానే లెక్కించాను, ఎందుకంటే నేను పరీక్షించిన వాటిలో ఒక నిమిషం తిప్పితే తక్కువ శబ్దంతో కొద్ది నిమిషాలు మాత్రమే వినగలిగాను. సోలార్ పలక సంగతి మరీ స్పష్టం: తుపాను రోజున ఆకాశమంతా మబ్బే. ఇక ఫోను ఛార్జింగ్ విషయానికి వస్తే, రేడియో బ్యాటరీ 2000 ఎంఏహెచ్, ఫోను బ్యాటరీ 5000 ఎంఏహెచ్ అయినప్పుడు, మార్పిడిలో పోయే శక్తిని కూడా తీసివేస్తే ఫోనులో మూడో వంతు నిండడమే గొప్ప, పైగా రేడియో మూగబోతుంది.

తరువాత బ్యాండ్లు, అంటే రేడియో పట్టుకోగల తరంగాల శ్రేణులు. ఎఫ్ఎం మాట స్పష్టంగా ఉంటుంది గాని, దాని తరంగాలు దాదాపు చూపు మేర వరకే చేరుతాయి. దగ్గరి ప్రసార కేంద్రం మూగబోతే ఆ బ్యాండులో మిగిలేది హోరు మాత్రమే. మీడియం వేవ్ (రేడియోల మీద ఏఎం అని రాసే బ్యాండు) నేల వెంబడి చాలా దూరం ప్రయాణిస్తుంది, రాత్రివేళ పై వాతావరణంలోని అయనోస్ఫియర్ నుంచి పరావర్తనం చెంది వందల కిలోమీటర్ల అవతలికి కూడా చేరుతుంది. అందుకే మీడియం వేవ్ లేని రేడియోను నేను లెక్కలోకే తీసుకోలేదు. పెట్టెల మీద గొప్పగా ముద్రించే ‘వెదర్ బ్యాండ్’ అమెరికా, కెనడా వంటి కొన్ని దేశాల్లో 162 మెగాహెర్ట్జ్ చుట్టూ సాగే ప్రత్యేక ప్రసారాల కోసం ఉద్దేశించినది. అటువంటి ప్రసారం లేని చోట అది ఎన్నడూ పలకని మీట. కొనేవారికి ఈ సంగతి చెప్పకుండా అమ్మడం నాకు అన్యాయంగానే తోచింది.

చివరకు మిగిలిన రెండింటినీ ఇంటికి తెచ్చి పరీక్షించాను. లైట్లు వెలుగుతున్నప్పుడు మీడియం వేవ్‌లో గరగర తప్ప మరేమీ వినిపించకపోవడంతో మొదట నిరాశపడ్డాను. మెయిన్ స్విచ్ ఆపగానే ఎల్ఈడీ దీపాలు, ఛార్జర్లు పుట్టించే ఆ గోల తగ్గి మాటలు తేటపడ్డాయి. మీడియం వేవ్ యాంటెన్నా రేడియో లోపల ఉండే ఫెర్రైట్ (ఒక అయస్కాంత పదార్థం) కడ్డీ, అది తిరిగి ఉన్న దిక్కును బట్టి ప్రసారాన్ని పట్టుకుంటుంది కాబట్టి, పొడుగు యాంటెన్నాను లాగడం కంటే రేడియోనే మెల్లగా అటూ ఇటూ తిప్పి చూడడం ఎంతో మేలు చేసింది.

అదే చీకట్లో రెండింటినీ మా అమ్మ చేతికి ఇచ్చి, సెల్లు మార్చి వార్తలు పెట్టమన్నాను. అంకెల తెర ఉన్నదాని సెల్లపెట్టె మూత తీయడానికి స్క్రూడ్రైవర్ కావలసి వచ్చింది; అక్కడితో దాన్ని పక్కనపెట్టేశాను. ముల్లు జరిపే గుండ్రటి మీట ఉన్న రెండోదాన్ని ఆమె వేళ్లతో తడిమే సిద్ధం చేసి, స్టేషన్ పట్టుకున్నారు. దానికి నీటి చినుకులను తట్టుకునే కవచం లేదు, కాబట్టి గట్టిగా మూసుకునే ప్లాస్టిక్ సంచిలో పెట్టి, కొన్న తేదీ రాసిన సెల్లను పక్కనే ఉంచాను. మూడు నెలలకొకసారి మా అమ్మే దాన్ని తీసి, సెల్లు వేసి, ఒక వార్తల బులెటిన్ పూర్తిగా విని, మళ్లీ సెల్లు తీసి దాస్తున్నారు.