గాలి తగ్గితే చాలదు

"విండీ యాప్‌లో గాలి 6 నాట్సే (గంటకి 11 కి.మీ.) చూపిస్తోంది, ఆదివారం పోదామా?" డిసెంబరు వచ్చిందంటే ఈ ప్రశ్న అడిగేవాళ్లకు కొదవ ఉండదు. చెన్నై సముద్రంలో చలికాలపు చేపల వేటకి గాలి ఒక్కటే చూసుకుని బయల్దేరడం నాకిష్టం లేదు. నేను ముందు చూసేది అలల పీరియడ్, అంటే ఒక అల వెళ్లాక ఇంకోటి ఎన్ని సెకన్లకి వస్తుందని. మీటరున్నర అల 12 సెకన్లకొకటి వస్తే పడవ నింపాదిగా లేచి దిగుతుంది, నిలబడి పాపర్ (నీటి మీద తేలే ఉత్తుత్తి ఎర) విసరొచ్చు. అదే అల 5 సెకన్లకొకటి వస్తే రాడ్ సంగతి దేవుడెరుగు, తిన్న ఇడ్లీ కడుపులో నిలవదు.

అలాగని పొడుగు పీరియడ్‌ని నమ్మేయడానికీ లేదు. ఎక్కడో శ్రీలంక అవతల వాయుగుండం ఉంటే ఇక్కడ ఆకు కదలకపోయినా ఆ అలలు మన దాకా వస్తాయి. లోపల మెత్తగా ఉన్న అలే చెన్నై దగ్గరి కోవళం ఒడ్డున, సరిగ్గా పడవ తోసే చోట, లేచి విరుగుతుంది. జనవరి దాటితే భయం లేదనుకునేవాళ్లకి 2023 గుర్తు చేస్తాను. ఆ ఏడాది ఫిబ్రవరి మొదట్లో కూడా వాయుగుండం శ్రీలంక మీదికి వచ్చింది.

ఇంకోటి నీటి ప్రవాహం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన తీరం వెంట నీళ్లు దక్షిణానికి పోతాయి, ఈశాన్య గాలీ అటే తోస్తుంది. ఫిబ్రవరికల్లా ప్రవాహం ఉత్తరానికి మళ్లుతుంది. అప్పుడు కూడా ఈశాన్య గాలి వీస్తుంటే రెండూ ఎదురెదురు. పెద్ద గాలేం అక్కర్లేదు, సముద్రం తవ్వి వదిలేసిన ఓఎమ్మార్ రోడ్డులా తయారవుతుంది.

ఇన్ని తిప్పలు పడి ఎందుకు వెళ్తామంటే ఆ గీత కోసం. వానలు ఆగిన కొత్తలో అడయారు, కూవం నదుల మట్టినీళ్లు సముద్రంలోకి చాలా దూరం వస్తాయి. ఒకచోట ఆ గోధుమరంగు తెగిపోయి నీలం మొదలవుతుంది. ఆ అంచు పొడుగునా నురగ, గుర్రపుడెక్క ముద్దలు, ఎవరో తాగి పారేసిన సీసాలు (చెన్నై మనల్ని అక్కడా వదలదు). చిన్న చేపలు ఆ చెత్త నీడన చేరతాయి, వాటి కోసం వంజరం వస్తుంది. మట్టి నీళ్లలో లూర్ (ఉత్తుత్తి ఎర) లాగడం దండగ. నీలం వైపు ఉండి, గీత వెంటే 5, 6 నాట్స్‌లో ట్రోలింగ్ చేయాలి, అంటే పడవ నడుపుతూ వెనక లూర్ లాగాలి. వంజరం కొట్టిందంటే రీల్ ఒక్కసారిగా కేక పెడుతుంది. లూర్ ముందు స్టీల్ వైర్ కట్టకపోతే దాని పళ్లకి లైన్ తెగి ఆ కేక మధ్యలోనే ఆగిపోతుంది. లైన్ చుట్టి చూస్తే కొస కత్తెరతో కోసినంత నున్నగా ఉంటుంది.

మా పడవ అన్న నా ఫోన్ వైపు కన్నెత్తి చూడడు. ఈశాన్యం మూల నల్లబడితే చేప కొడుతున్నా సరే, "పోదాం తంబీ" అని ఇంజిన్ తిప్పేస్తాడు. ఇంత డబ్బు కట్టామని కొత్తవాళ్లు మొహం మాడ్చుకుంటారు. నేను మాత్రం ఆ మాటకి ఎదురు చెప్పను.

ఈ వారం సముద్రం హెచ్చరికలిచ్చే ప్రభుత్వ సంస్థ ఇన్‌కాయిస్ పెద్ద అలలున్నాయంది, అన్న కూడా వద్దన్నాడు. అడ్వాన్స్ ఆయన దగ్గరే ఉంచాను. ఎలాగూ ఖాళీయే కదా, కాశిమేడు చేపల రేవుకి వెళ్లి వంజరం కొనుక్కురమ్మంది మా ఆవిడ.