సొసైటీ లెక్కలు కంప్యూటర్‌కు ఎక్కించడంలో నా అనుభవం

ఈ వారం మా ప్రాథమిక వ్యవసాయ సహకార పరపతి సంఘంలో చేతిరాత డే బుక్ సాయం లేకుండా, సాఫ్ట్‌వేర్ మీదే రోజు లెక్కలు ముగించగలిగాం. ఇనప్పెట్టెలోని నగదూ తెర మీద చూపిన నిల్వా పైసాతో సహా సరిపోయాయి. ఇదే పనిలో నలుగుతున్న తోటి సొసైటీల సీఈఓలకు పనికివస్తుందని, అంతా గుర్తుండగానే రాసి పెడుతున్నాను.

దేశంలోని 63,000 ప్రాథమిక సంఘాలను ఒకే తరహా సాఫ్ట్‌వేర్ మీదకు తెచ్చే పథకాన్ని కేంద్ర మంత్రివర్గం 2022 జూన్‌లో ఆమోదించింది. అప్పటి అంచనా 2,516 కోట్ల రూపాయలు, అమలు బాధ్యత జాతీయ వ్యవసాయ, గ్రామీణాభివృద్ధి బ్యాంకు అయిన నాబార్డుది. కంప్యూటరు, ప్రింటరు, వేలిముద్ర యంత్రం మాకు సవ్యంగానే అందాయి. శిక్షణ కూడా బాగానే సాగింది. అసలు పరీక్ష పాత బాకీలను ఎక్కించే దగ్గర ఎదురైంది.

సాఫ్ట్‌వేర్‌లో ప్రతి సభ్యుడికీ అప్పు ఇచ్చిన తేదీ, అసలు, వడ్డీ, గడువు, భూమి సర్వే నంబరు, ఆధార్ వివరాలు విడివిడిగా నింపాలి. అలా నింపిన బాకీల మొత్తం సంఘం మొత్తం పద్దులు రాసే జనరల్ లెడ్జర్‌లోని పంట రుణాల నిల్వతో సమానం కావాలి. మాకు కాలేదు. కారణం ఏ ఒక్కరి చేతివాటమో కాదు. 2008లో కేంద్రం ప్రకటించిన రుణమాఫీ సొమ్ము, ఆ తరువాత 2014లో రాష్ట్రం ప్రకటించి వాయిదాల్లో విడుదల చేసిన రుణ విముక్తి సొమ్ము, సంఘానికి అప్పిచ్చే బ్యాంకు ద్వారా జమ అయినప్పుడు, బ్యాంకు దానిని ముందు వడ్డీకి కట్టుకుంది, మా పుస్తకాల్లో మాత్రం కొందరు సభ్యులకు అది అసలు కింద పడింది. ఏటా తేడా మీద తేడా పేరుకుపోయింది. సభ్యులు సంఘానికి బాకీ పడిన మొత్తానికీ, సంఘం బ్యాంకుకు బాకీ పడిన మొత్తానికీ పొంతన కుదరకపోవడం సహకార రంగమంతటా ఉన్న పాత జబ్బే. సంఘాలన్నిటికీ ఒకే లెక్కల పద్ధతి ఉండాలని, సహకార పరపతి సంస్థల పునరుద్ధరణ కోసం కేంద్రం వేసిన వైద్యనాథన్ కమిటీ 2005లోనే చెప్పింది.

ఈ స్థితిలో డివిజను స్థాయి సమీక్షకు పిలిచారు. గోడ మీద వేసిన పట్టికలో మా సంఘం ఎర్ర గడిలో, అంటే పని పూర్తికాని వాటిలో ఉంది. తేడా ఎక్కడ వచ్చిందో వివరించబోతుంటే, అధికారి నన్ను మధ్యలోనే ఆపి, నిండు సభలో, "మిగతా సొసైటీలన్నీ ఎక్కించాయి, లెక్కలు మీకొక్కరికే వచ్చా? తేడాను సస్పెన్స్ ఖాతాలో పడేసి ఈ సాయంత్రానికల్లా పూర్తి చేయండి, చేతకాకపోతే రాసివ్వండి" అన్నారు. నాకంటే చిన్నవాళ్లు, నేను పని నేర్పినవాళ్లు, తలలు దించుకున్నారు. లెడ్జరు రాయడంలో నా మీద ఏ ఆడిట్‌లోనూ అభ్యంతరం రాలేదు. అటువంటి నన్ను చేతకానివాడినన్న మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

అయినా నేను, ఎవరి పేరునా తేలని సొమ్మును తాత్కాలికంగా వేసి ఉంచే ఆ సస్పెన్స్ ఖాతాకు ఒప్పుకోలేదు. సస్పెన్స్‌లో పడిన రూపాయి వెనుక ఒక రైతు ఉంటాడు. అప్పు తీర్చి రశీదు దాచుకున్న మనిషికి కంప్యూటరు బాకీ నోటీసు పంపితే, మరుసటి పంటకు అతనికి అప్పు పుట్టదు, సకాలంలో కట్టినవారికి దక్కే వడ్డీ రాయితీ కూడా పోతుంది. అంత అన్యాయం చేసి పచ్చ గడిలో చేరడం నాకు ఇష్టం లేకపోయింది.

పదవీ విరమణ చేసిన మా పాత గుమాస్తా గారింటికి వెళ్లి, "మీరు వస్తే తప్ప తేలదండీ" అని బతిమాలాను. ఆయన కళ్లద్దాలు సర్దుకుని పాత లెడ్జర్లు తెరిస్తే, మాకు రోజుల తరబడి అంతు పట్టని పద్దులు ఒక్కొక్కటే విడిపోయాయి. ఒకే ఇంటిపేరూ ఒకే పేరూ ఉన్న ఇద్దరు రైతుల జమలు తారుమారైన సంగతి ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు. ఊరూరా దండోరా వేయించి, సభ్యులు తెచ్చిన రశీదులతో ఖాతాలు సరిచూసి, తేలిన బాకీ కింద వారి సంతకమో వేలిముద్రో తీసుకున్నాం. చనిపోయినవారి ఖాతాలకు వారసులను పిలిపించాం. చివరికి మిగిలిన స్వల్ప తేడాను కారణాలతో సహా కమిటీ తీర్మానంలో రాసి ఆడిటరుకు చూపించిన తరువాతే ఎక్కించాం.

డేటా ఎక్కించడానికి గుత్తేదారు సంస్థ పంపిన పిల్లలను నేను నిందించను, వారికి లెక్కగట్టేది ఎన్ని ఖాతాలు నింపారన్నదే. పై అధికారులు అడిగేదీ ఎన్ని సంఘాలు ప్రారంభమయ్యాయన్నదే. నింపింది నిజమా కాదా అని అడిగే గడి ఆ పట్టికలో లేనంతకాలం, తెర మీద అన్నీ పూర్తయినట్టు కనిపిస్తాయి, రైతు మాత్రం పాత రశీదు పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడే ఉంటాడు. వ్యవస్థ నెగ్గేదీ ఓడేదీ ఇక్కడేనని నా గట్టి నమ్మకం.

ఇంకా మొదలుపెట్టనివారికి ఒక మాట. డేటా పిల్లలు రాకముందే మార్చి 31 నాటి సభ్యుల బాకీల పట్టిక మీ చేత్తో తయారు చేసుకోండి. పేర్లు ఆధార్‌లో ఉన్నట్టే రాయించండి, తండ్రి పేరు వదలవద్దు. సస్పెన్స్‌లో వేయమని ఎవరైనా నోటిమాటగా చెబితే, ఆ మాట కాగితం మీద రాసిమ్మనండి. నేను అడిగాను, ఎవరూ రాసివ్వలేదు.

ఎరువుల అమ్మకాల లెక్క ఇంకా సాఫ్ట్‌వేర్‌లోకి రాలేదు. అది కుదిరి, ఈ ఖరీఫ్ వసూళ్లు ముగిసేదాకా చేతిరాత లెడ్జర్లు కూడా పక్కనే రాస్తూ ఉండాలని కమిటీ చేత తీర్మానం చేయించాను. సమీక్షలో నన్ను ఆ మాట అన్న అధికారే మొన్న మనిషిని పంపి, మా బాకీ ధ్రువీకరణ పత్రం నమూనాను మిగతా సంఘాల కోసం తెప్పించుకున్నారు. అడిగిన వెంటనే ఇచ్చి పంపాను.